జోల మాత్ర

వరదాచార్యులుగారు ముప్ఫయ్యారేళ్ళుగా తాను వండిన వంటని పొయ్యి మీద ఉండగా ఒక్కసారి కూడా రుచి చూడలేదు.

పొన్నలంక వేణుగోపాలస్వామి గుడిలో ఆయన వంటస్వామి. నివేదన కాకముందు మెతుకు నాలిక మీద పడకూడదు. అందుకని పులిహోరలో పులుపు సరిపోయిందో లేదో, చక్రపొంగలిలో పాకం ముదిరిందో లేదో ఆయనకి ముక్కే చెప్పాలి. వాసన చూడటం కూడా తప్పేనని ఎవరైనా అంటే, "నేను చూడనండీ, అదే వచ్చి చెబుతుంది" అనేవారు. నిజంగానే ఆయన గంగాళం మీదకి ఎప్పుడూ వంగలేదు. మూరెడు దూరంలో నిలబడేవారు. ఆవిరి తనంతట తాను వచ్చి చెప్పేది. ఆయన ఇంకో చారెడు మిరియాలో, మరో గరిటెడు నెయ్యో వేసేవారు. ఆ ప్రసాదం కోసం పక్క ఊళ్ళనుంచి మనుషులు వచ్చేవాళ్ళు.

అరవై రెండో ఏట ఆయనకి కష్టం వచ్చింది ముక్కు వల్ల కాదు.

వంట మధ్యలో ఒంటికి వెళ్ళవలసి వచ్చేది. మడి కట్టుకున్న మనిషి బయటికి వెళ్ళివస్తే నూతి దగ్గర నాలుగు బిందెలు పోసుకుని, తడిపంచెతోనే మళ్ళీ వంటశాలలో అడుగుపెట్టాలన్నది ఆయనకి తండ్రి నేర్పిన నియమం. మొదట్లో పూటకి ఒకసారి వెళ్ళేవారు. తరవాత గంటకోసారి. ఆ తరవాత అరగంటకే. వెళ్ళినా పని తెమిలేది కాదు. నిలబడి నిలబడి, నాలుగు చుక్కలు రాల్చి, అయిందనుకుని స్నానం చేసి వస్తే పొయ్యి ముందు కూచున్న పది నిమిషాలకే మళ్ళీ తొందర. ధనుర్మాసం చలిలో ఒకరోజు ఆయన తొమ్మిది స్నానాలు చేశారు.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య ఆండాళ్ళమ్మ దండెం ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"తొమ్మిది పంచెలు! మన పెళ్ళినాడు కూడా ఇన్ని ఆరెయ్యలేదండీ. ఏవిటిది?"

"చెమట" అన్నారాయన.

"ధనుర్మాసంలోనా?"

ఆయన తుమ్మారు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. దుప్పటి కప్పుతూ ఆవిడ మెల్లిగా అడిగితే అప్పుడు చెప్పారు, గోడవైపు తిరిగి పడుకుని. రెండేళ్ళ నుంచి ఇలాగే ఉందిట.

* * *

కాకినాడలో డాక్టర్ రహమతుల్లాగారు పరీక్షలన్నీ చేయించి, కాగితం మీద చిన్న బొమ్మ గీసి చూపించారు.

"ఇది మూత్రసంచి ఆచార్యులుగారూ. దీని కింద ప్రొస్టేటు గ్రంథి. కుర్రతనంలో ఉసిరికాయంత ఉంటుంది. మీది బత్తాయి అంత అయింది. మధ్యలోంచి వెళ్ళే గొట్టాన్ని నొక్కేస్తోంది. కేన్సరు కాదు, ఆ భయం పెట్టుకోకండి. వయసుతో చాలామందికి వచ్చేదే."

గొట్టం చుట్టూ బిగిసిన కండరాన్ని వదులు చేసే మాత్ర ఒకటి రాశారు. వారంలోనే తేడా తెలిసింది. కాని ఆ మాత్రకి రక్తపోటు కూడా కొంచెం దిగుతుంది. పన్నెండోరోజు పొయ్యి ముందునుంచి లేస్తుంటే ఆయనకి కళ్ళు చీకట్లు కమ్మాయి. చేతిలో గరిటె జారిపోయింది. మరుగుతున్న నేతి గిన్నెకి జానెడు దూరంలో గోడ దొరికింది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి మాత్రలు తులసికోట వెనక పారేసి, ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలల తరవాత మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరుగారికి కోపం వచ్చింది.

"మానేసేముందు నాకొక్క ముక్క చెప్పొద్దా? మోతాదు తగ్గించేవాణ్ణి. పడుకోబోయేముందు వేసుకోమనేవాణ్ణి. గ్రంథిని మెల్లిగా కుదించే మందు ఇంకోటుంది, దాంతో కలిపి ఇచ్చేవాణ్ణి. దానికి ఆరునెలలు పడుతుంది మరి."

"వైశాఖంలో స్వామి కల్యాణం బాబూ. అయిదు రోజులు. వెయ్యిమందికి ప్రసాదం. ఆరునెలలు నేనెక్కడాగను?"

ఆపరేషన్ చేస్తే నెల్లాళ్ళు బరువులెత్తకూడదు. గంగాళం ఎత్తకుండా కల్యాణం జరగదు. డాక్టరుగారు కాసేపు పెన్ను తిప్పుతూ కూచుని, కొత్తమందు ఒకటి ప్రయోగంలో ఉందని చెప్పారు. ఆరువారాల్లో గ్రంథిని సగానికి కుదిస్తోందంటున్నారు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో తనకి కూడా తెలియదు. ఇష్టముంటే సంతకం పెట్టవచ్చు, వద్దనుకుంటే ఎప్పుడైనా మానెయ్యవచ్చు.

పదకొండు పేజీల కాగితాలు. డాక్టరుగారి దగ్గర పనిచేసే అమ్మాయి ఓపిగ్గా చదివి వినిపించింది. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి ఆచార్యులుగారు రెండుసార్లు లేచి వెళ్ళివచ్చారు. మూడోసారి కాళ్ళు ముడుచుకుని కూచుని, "సంతకం ఎక్కడమ్మా" అన్నారు.

బస్సులో ఆండాళ్ళమ్మ అంది. "వకుళ ఏవో మందుల పరిశోధనే చేస్తోంది కదండీ విశాఖపట్నంలో. దాన్నొక మాట అడిగుండాల్సింది."

"ఆడపిల్లతో ఇవేం మాటలే! దానికి తెలియడానికి వీల్లేదు. ఒట్టు పెట్టు."

ఆవిడ ఒట్టు పెట్టలేదు. నోరు మాత్రం మూసుకుంది.

* * *

వకుళ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ముప్ఫయ్యయిదేళ్ళు. ఏడేళ్ళుగా విశాఖపట్నంలోని ఒక మందుల పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఏం చేస్తున్నావని తల్లి అడిగితే, "పెద్దవయసు జబ్బుకి మందమ్మా" అని ఊరుకునేది. ఏ జబ్బో, ఏ అవయవానికో తండ్రి వింటుండగా చెప్పడానికి ఆమెకి కూడా నోరు రాలేదు.

ఆ మందు ఆమె ఆలోచన మీద కట్టినదే. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు ప్రొస్టేటుని మొలిపించే రసాయన సంకేతం ఒకటుంటుంది. మొలిపించి, పని అయ్యాక అది నిద్రపోతుంది. యాభై దాటిన మగవాళ్ళలో ఎందుకో మళ్ళీ లేస్తుంది. లేచి, కట్టిన ఇంటినే మళ్ళీ కట్టుకుంటూ పోతుంది. వకుళ ఆ సంకేతాన్ని తిరిగి పడుకోబెట్టే అణువుని పట్టుకుంది. గాజుపళ్ళెంలో గుబురుగా పెరుగుతున్న కణాల మీద రెండు చుక్కలు వేసి, నాలుగోరోజు సూక్ష్మదర్శినిలో చూస్తే అవి ముడుచుకుని సద్దుమణిగాయి. "పడుకున్నాయండీ" అందామె తన పైఅధికారి డాక్టర్ మేరీ సుగుణతో. ఆ రోజునుంచి పరిశోధనశాలలో అందరూ దాన్ని జోల అనడం మొదలుపెట్టారు. డబ్బా మీద పేరు జె ఎల్ నాలుగు.

ఎలకల మీద ప్రయోగం జరుగుతున్నప్పుడు వాటిని చూసుకునే సింహాచలం ఒకరోజు వచ్చి తల గోక్కున్నాడు.

"మేడమ్‌గోరూ, ఈటికి ముక్కు పనిసెయ్యట్లేదండి. ఊకలో సెనగలు దాసిపెడితే ఎతకనేకపోతన్నాయి."

వకుళ చూసింది. నిజమే. ముక్కులో వాసన పట్టే కణాలు రెండు మూడు నెలలకోసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. ఆ పుట్టుకకి కూడా అదే సంకేతం కావాలని అప్పుడు తేలింది. మందు ఆపారు. నెల తిరిగేసరికి ఎలకలు సెనగలు వెతుక్కున్నాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మనుషులమీద ప్రయోగానికి కాగితాలు తయారు చేసేటప్పుడు వకుళే తన చేత్తో తొమ్మిదో పేజీలో ఒక వాక్యం రాసింది. "కొందరిలో వాసన తెలియడంలో స్వల్పమైన, తాత్కాలికమైన మార్పు కలగవచ్చు."

మూడు ఊళ్ళలో రెండువందల నలభైమంది చేరారు. పరిశోధనశాలకి వాళ్ళ పేర్లు రావు, నంబర్లే వస్తాయి. ధార ఎంత వేగంగా వస్తోందో కొలిచే యంత్రం గీసిన గీతలు వస్తాయి. చాలావరకు అవి గతుకుల రోడ్డులా ఉండేవి. అరవై మూడో నంబరు మనిషి గీత మాత్రం ఆరోవారంలో అల ఎక్కి దిగే పడవలా నున్నగా లేచి, నున్నగా దిగింది. వకుళకి ఆ గీత ఎంత నచ్చిందంటే, ప్రతి సమావేశంలో తెర మీద ముందు దాన్నే చూపించేది. "చూడండి, ఈయన మళ్ళీ పాతికేళ్ళవాడు" అనేది.

* * *

వైశాఖంలో కల్యాణం జరిగింది.

అయిదు రోజులూ వరదాచార్యులుగారు తెల్లవారుజామున ఒక్క స్నానంతో వంటశాలలోకి వెళ్ళి, మధ్యాహ్నం నివేదన అయ్యాకే బయటికి వచ్చారు. పది పడుల పులిహోర, ఆరు గంగాళాల దద్ధ్యోజనం, కట్టెపొంగలి, చక్రపొంగలి. చింతపండు రసం ఉడుకుతుంటే ఎదురుగా కూచుని పాశురాలు పాడుకున్నారు. రెండేళ్ళుగా ఆయన గొంతు ఆ గదిలో వినబడలేదు. అర్చకుడు రంగాచార్యులు తలుపు దగ్గర ఆగి విని, నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఇంట్లో కూడా ఆయన మారారు. రాత్రికి అయిదుసార్లు లేచే మనిషి ఒకే నిద్రలో తెల్లారేదాకా పడుకున్నారు. లేచి, కిటికీలో ఎండ చూసి కంగారుపడ్డారు. "ఏవే, అప్పుడే తెల్లారిందా?"

"మీకివ్వాళే తెల్లారింది" అంది ఆండాళ్ళమ్మ. ఆవిడకి కూడా ఆ రాత్రే నిండా నిద్రపట్టింది.

జలుబు చేసినట్టుందని ఆయన రెండు మూడుసార్లు అన్నారు. ముక్కు కారడం లేదు, దిబ్బడ లేదు. అయినా కాఫీ కాఫీలా లేదు. పట్టించుకోలేదు. ఒంట్లో అంత సుఖంగా ఉన్నప్పుడు కాఫీ సంగతి ఎవరు చూస్తారు?

జ్యేష్ఠంలో ఒక శనివారం చక్రపొంగలి నివేదన అయింది. పంపకం మొదలయింది. మామూలుగా దొన్నెలు నాకి పారేసే జనం ఆ రోజు ఒకటి రెండు ముద్దలు తిని, పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. స్వామి ప్రసాదం కాబట్టి ఎవరూ పైకి అనలేదు. మండపం స్తంభాల పక్కన సగం నిండిన దొన్నెలు వరసగా మిగిలాయి.

రంగాచార్యులు ఒక దొన్నె తీసుకుని వంటశాల గుమ్మం దగ్గరికి వచ్చాడు. నలభయ్యేళ్ళవాడు. చిన్నప్పటినుంచి ఈయన చేతి ప్రసాదం తిని పెరిగినవాడు.

"బాబాయిగారూ, నెయ్యి డబ్బా కొత్తదాండీ?"

"నిన్న విప్పిందే. ఏం?"

"ఏం లేదు. కొంచెం... మీరు ఒక్కసారి తీసుకోండి."

నివేదన అయింది కనక ఆచార్యులుగారు ఒక ముద్ద నోట్లో వేసుకున్నారు. తియ్యగా ఉంది. అంతే. యాలకలు లేవు, పచ్చకర్పూరం లేదు. నెయ్యి ఉందో లేదో తెలియలేదు. బెల్లం నీళ్ళలో నానబెట్టిన దూది నమిలినట్టుంది. ఆయన నెయ్యిడబ్బా దగ్గరికి వెళ్ళి, ముప్ఫయ్యారేళ్ళలో మొదటిసారి దాని మీదకి వంగారు. మొహం దాదాపు డబ్బాలో పెట్టారు. ఏమీ రాలేదు.

"చెడిందా రంగా?"

రంగాచార్యులు నేల చూశాడు. "ముక్క వాసన వేస్తోంది బాబాయిగారూ. గుమ్మం దగ్గరికే వస్తోంది."

వరదాచార్యులుగారు ఆ గుమ్మంలోనే కూలబడ్డారు. "స్వామికి అదే పెట్టానురా" అన్నారు.

* * *

మూడురోజులు ఆయన గుడికి వెళ్ళలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పలేదు. వీధి అరుగు మీద కూచుని, మల్లెపువ్వు ఒకటి వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పారేసి, ఇంకోటి నలిపేవారు. నాలుగోరోజు పొద్దున్న ఆండాళ్ళమ్మ పెరట్లోకి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది.

"నాన్నగారికి వాసన తెలియడం లేదే."

"జలుబేమో అమ్మా."

"కాదే. ఇంగువ డబ్బా మూత తీసి మొహాన పెట్టాను. కళ్ళలో నీళ్ళు తప్ప ఏవీ లేదు. గుడి వంట మానేస్తానని రంగాతో చెప్పేశారు."

"ఏవైనా మందులు వాడుతున్నారా?"

ఇవతల ఆండాళ్ళమ్మ వెనక్కి తిరిగి అరుగు వైపు చూసింది.

"అమ్మా?"

"నీకు చెప్పద్దన్నారే. అదీ... మగవాళ్ళకి వస్తుందే, ఒంటికి వెళ్ళడం కష్టంగా... కాకినాడ డాక్టరు ఏదో కొత్త మందిస్తున్నారు. చైత్రంనుంచి."

"డబ్బా తీసుకురా. దాని మీద ఏముందో చదువు."

"ఇంగ్లీషులో ఉందే. కూడబలుక్కోవాలి. జె... ఎల్... నాలుగు. దాని కింద పెన్నుతో రాశారు, అరవై మూడు అని."

ఫోన్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

"అమ్మా" అంది వకుళ. ముక్కు ఎగబీల్చింది. "ఇవ్వాళ మాత్ర వేసుకున్నారా?"

"ఇంకా లేదు."

"వద్దను. డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేసి, వాసన పోయిందని, మానేస్తున్నామని చెప్పండి. నేను చెప్పానని కాదు, మీరే చెప్పండి. తప్పకుండా చెప్పాలి. తెలిసిందా?"

"నువ్వేడుస్తున్నావుటే?"

"లేదమ్మా" అని పెట్టేసింది. తెర మీద అరవై మూడో నంబరు గీత ఇంకా అలాగే ఉంది, నున్నగా, అందంగా. తండ్రి ఒంటిలోని అతి రహస్యమైన బాధని నెలరోజులుగా తను పదిమంది ముందు పెట్టి మెచ్చుకుంటోంది.

* * *

డాక్టర్ మేరీ సుగుణ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క కేసు వకుళా. పైగా మీ నాన్నగారు. నువ్వు దీన్ని చూసే చూపు ఇప్పుడు శాస్త్రజ్ఞురాలి చూపు కాదు."

"కాదు మేడమ్. అందుకే ఇందులోంచి నేను పక్కకి తప్పుకుంటాను, రాసిస్తాను. కానీ రెండువందల నలభైమందినీ పరీక్ష చేయించండి. మనం వాళ్ళని ధార గురించి అడిగాం, నిద్ర గురించి అడిగాం, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో అడిగాం. వాసన గురించి ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"స్వల్పం అని నేనే రాశాను కాబట్టి."

సుగుణ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఆ మందు మీద ఆవిడ పేరూ ఉంది, ఏడేళ్ళు ఆవిడవీ ఉన్నాయి. ఫోన్ తీసి మూడు ఊళ్ళ డాక్టర్లకీ కబురు పెట్టింది.

లవంగం, కర్పూరం, కాఫీ, కిరసనాయిలు, ఇంకో ఎనిమిది. దూదికి అద్ది చిన్న సీసాల్లో పెట్టి, కళ్ళు మూసి వాసన చూపించారు. పదిరోజుల్లో లెక్క తేలింది. అసలు మందు వాడుతున్నవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి వాసన బాగా తగ్గింది. పదకొండుమందికి పూర్తిగా పోయింది. చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్ళు వయసనుకున్నారు. వంటింట్లో గ్యాస్ లీకైతే కోడలు వచ్చేదాకా ఒకాయనకి తెలియలేదట. ప్రయోగం ఆపేశారు.

ఆపేశాక వకుళ ఊహించనిది జరిగింది. ఆపద్దని ఫోన్లు వచ్చాయి. రాజమండ్రినుంచి ఒక బస్సు డ్రైవరు పరిశోధనశాల నంబరు ఎలాగో సంపాదించి, సుగుణకి ఫోన్ చేశాడు.

"ముక్కు పోతే పోనీండమ్మా. మూడు గంటలు స్టీరింగు ముందు కూచోగలుగుతున్నానండి. ఇదివరకు మంచినీళ్ళు తాగకుండా బండెక్కేవోణ్ణి. దయచేసి ఆ మాత్రలియ్యండి."

సుగుణ ఆయనతో అరగంట మాట్లాడి, పాత మందులు ఎలా వాడాలో డాక్టరు దగ్గర అడగవలసినవన్నీ రాయించి, ఫోన్ పెట్టేసి వకుళ గదికి వచ్చింది. "మనం చెడ్డ మందు చెయ్యలేదు వకుళా" అంది. "సగమే చేశాం. రక్తంలో కలవకుండా గ్రంథి దగ్గరే ఉండిపోయేలా చెయ్యాలి. ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. ముందు ఇంటికి వెళ్ళిరా."

* * *

వకుళ వెళ్ళేసరికి వరదాచార్యులుగారు అరుగు మీదే ఉన్నారు. ఆమె పక్కన కూచుంది. వీధిలోకి చూస్తూనే అంది.

"ఆ మందు చేసింది నేనే నాన్నగారూ."

"మీ అమ్మ చెప్పింది, నిన్న ఫోన్లో నువ్వన్నావుట."

"తొమ్మిదో పేజీలో ఆ వాక్యం కూడా నేనే రాశాను. స్వల్పం అని."

"చదివారమ్మా నాకు. నేనే విన్లేదు. ఆ టైముకి నాకు..." ఆయన ఆగారు. సిగ్గుపడ్డారు. తరవాత, ఎందుకో, నవ్వు వచ్చింది. "ఆ టైముకి నాకు తొందరగా ఉంది."

వకుళకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు.

"అమ్మడూ, ఒక సంగతి చెప్పనా? రెండు నెలలు నేను ఎంత సుఖపడ్డానో నీకు తెలీదు. ఒక్క స్నానంతో కల్యాణం చేశాను. పొయ్యి ముందు పాడుకున్నాను. నా కూతురు చేసిన మందని తెలిసుంటే ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఏ జబ్బుకో చెప్పేవాణ్ణి కాదనుకో."

"మానేశారు కనక ఆ బాధ మెల్లిగా మళ్ళీ వస్తుంది నాన్నగారూ. వాసన తిరిగి వస్తుందో లేదో... వస్తుందనే అనుకుంటున్నాను. ఎలకలకి నెలలో వచ్చింది. మనిషికి ఎన్నాళ్ళో నాకు తెలీదు. ఒకవేళ రాకపోతే..."

"రాకపోతే రాలేదు. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేశావు. ఇంకా పదిమంది ఉన్నారుట కదా నాలాంటివాళ్ళు. వాళ్ళ సంగతి చూడు."

మరునాడు ముగ్గురూ కలిసి కాకినాడ వెళ్ళారు. ఈసారి వకుళ పక్కనే కూచుని ఉండగా ఆయన డాక్టరుగారికి అంతా చెప్పారు. ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఎంతసేపు నిలబడాలో, ఎప్పుడు బట్టలు తడిశాయో. మొదట మాటలు కూడబలుక్కున్నారు. కూతురు తల వంచుకోకుండా వింటోందని చూశాక గొంతు తేలికపడింది. డాక్టరుగారు గ్రంథిని మెల్లిగా కుదించే పాత మందే మొదలుపెట్టి, కండరం వదులు చేసేదాన్ని చిన్న మోతాదులో పడుకోబోయేముందు వేసుకోమన్నారు. మంచం మీంచి లేవబోయేముందు రెండు నిమిషాలు కూచోవాలి. వంటకి వెళ్ళేముందు తొందర ఉన్నా లేకపోయినా ఒకసారి వెళ్ళి రావాలి. నీళ్ళు తాగడం మానకూడదు. రెండో కాఫీ మాత్రం మానాలి.

"అదొక్కటీ కష్టం" అన్నారు ఆచార్యులుగారు.

"ఇప్పుడు దాని వాసన ఎలాగూ తెలీదుగా, ఇప్పుడే మానెయ్యండి" అంది ఆండాళ్ళమ్మ.

ఊరికి తిరిగొచ్చాక రంగాచార్యులు ఇంటికి వచ్చాడు. స్నానాల సంగతి విని నొచ్చుకున్నాడు.

"ఒంట్లో బాగులేనివాడికి కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆచమనం చేసి, పంచె మార్చుకుంటే చాలు బాబాయిగారూ. ఈ మాట రెండేళ్ళ కిందట నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా. స్వామి మీరు రావాలంటున్నారు గాని, మీ బిందెలు లెక్కపెడతారా?"

"ముక్కో మరి?"

లోపలినుంచి ఆండాళ్ళమ్మ వచ్చింది.

"గుమ్మం బయట నేను కూచుంటాను" అంది. "లోపలికి రాను. మీరు వండండి, నేను చెబుతాను."

"నీకేం తెలుసే గుడి వంట?"

"ముప్ఫయ్యారేళ్ళు మధ్యాహ్నం మీరు ఇంటికొస్తే, గుమ్మంలో మిమ్మల్ని చూడగానే ఇవ్వాళ ఏం నివేదన అయిందో, మిరియాలు ఎక్కువ పడ్డాయో తక్కువ పడ్డాయో నాకు తెలిసేది. మీరెప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదు."

మరుసటి శనివారంనుంచి ఆవిడ వంటశాల గుమ్మం బయట పీట వేసుకుని కూచుంది. లోపలినుంచి ఆయన అడిగేవారు. "పోపు?"

"ఇంకా. ఆవాలు చిటపటమన్నాయి గాని మినప్పప్పు వేగలేదు. ఆ... ఇప్పుడు దించండి."

"నెయ్యి?"

"బాగుంది. నిన్నటిదే అయినా బాగుంది."

మొదటి రోజు ఆయనకి సిగ్గేసింది. రెండో వారం విసుక్కున్నారు. నాలుగో వారానికి ఆవిడ మాట వినకుండా గరిటె కదిలేది కాదు. మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే, "పొయ్యి తగ్గించి వెళ్ళండి, నేను వింటూంటాను" అనేది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేవారు. జనం మళ్ళీ దొన్నెలు నాకి పారేశారు.

విశాఖపట్నంలో వకుళ ప్రతి ఆదివారం వాసన పోయిన పదకొండుమంది ఇళ్ళకీ సుగుణ ద్వారా వాళ్ళ డాక్టర్ల చేత ఫోన్లు చేయించేది. ఆగస్టులో ఒకాయనకి పెట్రోలు వాసన తెలిసింది. సెప్టెంబరులో ముగ్గురికి కొద్దికొద్దిగా వచ్చింది. తండ్రికి రాలేదు. "ఏవైనా?" అని ఆమె అడిగేది. "ఏం లేదమ్మడూ, భోంచేశావా?" అని ఆయన మాట మార్చేవారు.

* * *

ఆశ్వయుజంలో మందుల కోసం కాకినాడ వెళ్ళి తిరిగివస్తుంటే, దారిలో ఒక బస్టాండులో బస్సు పదినిమిషాలు ఆగింది. వరదాచార్యులుగారు దిగి, ఎప్పటిలాగే పక్కనున్న మరుగుదొడ్డివైపు నడిచారు. ఆండాళ్ళమ్మ బస్సులో సీటు కాపలా కాస్తూ కూచుంది.

అయిదు నిమిషాలైంది. ఆయన రాలేదు. డ్రైవరు హారను కొట్టాడు. ఆవిడకి గాభరా పుట్టి, కండక్టరుని బతిమాలి కిందికి దిగింది. ఆ మూల ఈగలు ముసురుతున్నాయి. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ముందుకి వెళ్ళలేక, వెళ్ళకుండా ఉండలేక నిలబడిపోయింది.

ఆయన బయటికి వచ్చారు. గోడ పట్టుకుని నిలబడ్డారు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏవైందండీ? తల తిరిగిందా? అయ్యో, కూచోండి..."

"ఆండాళ్ళూ" అన్నారాయన. "కంపు కొడుతోందే!"

ఆవిడకి అర్థం కాలేదు.

"కంపే! భరించలేని కంపు! లోపల ఫినాయిలు కూడా వేశారు, దాని ఘాటు వేరేగా తెలుస్తోంది. ఇదిగో, ఇటు డీజిలు. ఎవరో బజ్జీలు వేస్తున్నారు, నూనె మాడిపోయింది, ఎన్నిసార్లు కాచాడో వెధవ!"

నిలువెల్లా మడి తప్ప మరొకటి ఎరగని మనిషి ఆ దొడ్డి గోడ పక్కన నిలబడి, ఊపిరి తిత్తులు నిండేలా పీలుస్తున్నారు. దారినపోయేవాళ్ళు వింతగా చూశారు. ఆండాళ్ళమ్మ కొంగు ముక్కుమీంచి తీసేసింది. ఆయన పక్కన నిలబడి తను కూడా పీల్చింది, పగలబడి నవ్వుతూ.

"బస్సు వెళ్ళిపోతుందండీ!"

"పోనీ. ఇంకో బస్సు వస్తుంది. ముందు అమ్మాయికి ఫోన్ కలుపు."

ఆవిడ నంబరు నొక్కి ఇచ్చింది. అవతల వకుళ ఎత్తగానే ఆయన పలకరింపు కూడా లేకుండా, ఆ బస్టాండు అంతా వినబడేలా అరిచారు.

"అమ్మడూ! కంపు!"